చిన్న హాల్లో హోమ్ థియేటర్: స్పీకర్ల ఎంపిక, అమరిక

టీవీలు పలచబడినకొద్దీ వాటి గొంతూ సన్నబడింది. తెర వెనుక ఉండే బుల్లి స్పీకర్లు చాలా మోడళ్లలో నేల వైపో గోడ వైపో తిరిగి ఉంటాయి. సినిమాలో ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటే రిమోట్ అందుకుని శబ్దం పెంచాలి, వెంటనే ఫైటు మొదలైతే ఉలిక్కిపడి తగ్గించాలి. హోమ్ థియేటర్ కొనాలన్న ఆలోచన చాలా ఇళ్లలో ఇక్కడే పుడుతుంది. తీరా దుకాణానికి వెళితే అక్కడ వినిపించేది మాటలు కాదు, గుండెలదిరే దడదడ. దానికి మురిసిపోయి కొనుక్కొచ్చాక ఇంట్లో మాటలు మళ్లీ అంతే మసకగా ఉంటాయి.

నా మటుకు చిన్న హాలుకు స్పీకర్లు కొనేటప్పుడు అసలు పరీక్ష సంభాషణ. అందులో నెగ్గడం స్పీకరు ధర కన్నా దాన్ని పెట్టిన చోటు మీద ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే ఇక్కడ కొనడం గురించి కొంత, అమర్చడం గురించి ఎక్కువ చెబుతాను. ఉదాహరణకు ఒక మామూలు రెండు పడకగదుల ఫ్లాట్ హాలునే తీసుకుందాం: 11 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు. పొడవాటి గోడకు టీవీ, ఎదురు గోడకు ఆనించిన సోఫా, ఒక పక్కన భోజనాల బల్ల.

ముందు టేపు, తర్వాత పర్సు

సోఫాలో మీరు రోజూ కూర్చునే చోటి నుంచి కొలవడం మొదలుపెట్టండి. చెవి నుంచి తెరకు దూరం, నేల నుంచి చెవి ఎత్తు, టీవీ యూనిట్ పొడవు: ఈ మూడూ కాగితం మీద ఉండాలి. మన హాల్లో తెరకు దూరం సుమారు 9 అడుగులు వస్తుంది. కూర్చున్నప్పుడు చెవి ఎత్తు దాదాపుగా 3 నుంచి 3.5 అడుగుల మధ్య ఉంటుంది. ప్లగ్ పాయింట్లు, కిటికీలు, బాల్కనీ తలుపు కూడా గీసుకోండి. తలుపు తెరిచినప్పుడు ఏ మూల మూసుకుపోతుందో గుర్తు పెట్టుకోకపోతే తర్వాత సబ్‌వూఫర్ (బాస్, అంటే బరువైన మంద్ర ధ్వని, పలికే పెట్టె) సరిగ్గా అక్కడికే వచ్చి కూర్చుంటుంది.

తర్వాత హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగాక దాని తోకలా గణగణ వినిపిస్తే టైల్స్, బోడి గోడలు, అద్దాల తలుపులు ధ్వనిని అటూ ఇటూ విసురుకుంటున్నాయన్నమాట. ఈ గణగణ ఉన్నంతకాలం ఎంత ఖరీదైన స్పీకరైనా మాటను మసకగానే వినిపిస్తుంది. కిటికీలకు మందపాటి పరదాలు, సోఫాకూ టీవీకీ మధ్య ఒక తివాచీ లేదా జంపఖానా, వెనుక గోడకు పుస్తకాల అర. అన్నీ కుదరకపోతే తివాచీ ఒక్కటైనా వేయండి. స్పీకర్ల నుంచి బయల్దేరి నేలకు తగిలి చెవికి చేరే ప్రతిధ్వనిని అది తగ్గిస్తుంది.

ఎన్ని స్పీకర్లు కావాలి

స్పీకర్ల సెట్లను 2.1, 5.1 లాంటి అంకెలతో పిలుస్తారు. చుక్కకు ముందున్న అంకె స్పీకర్ల సంఖ్య, తర్వాతది సబ్‌వూఫర్ల సంఖ్య. 2.1 అంటే కుడి, ఎడమ, సబ్‌వూఫర్. 3.1లో మధ్యన సెంటర్ స్పీకర్ చేరుతుంది. 5.1లో వెనుకకు రెండు సరౌండ్ స్పీకర్లు వస్తాయి. మూడో అంకె కనిపిస్తే, ఉదాహరణకు 5.1.2లో, అది పైనుంచి వినిపించే స్పీకర్ల లెక్క.

నా ఓటు 3.1కే. సినిమాలో మాటల్లో అధిక భాగం సెంటర్ స్పీకర్ నుంచే వస్తుంది కాబట్టి దాని మీద పెట్టిన డబ్బు రోజూ వినిపిస్తుంది. వెనుక స్పీకర్లు అప్పుడప్పుడూ మాత్రమే పలుకుతాయి. అయిదు చానళ్ల రిసీవర్ (టీవీ ధ్వనిని అందుకుని స్పీకర్లకు పంచి వాటిని నడిపే పెట్టె) తీసుకుని ముందు మూడు మంచి స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ పెట్టుకుంటే సరౌండ్లను వచ్చే దసరాకో దీపావళికో చేర్చుకోవచ్చు. అదే ధరలో ఏడు ముక్కల సెట్టు వస్తోందని ఆశపడితే ఏడూ అంతంతమాత్రంగానే ఉంటాయి.

గోడకు మేకు కొట్టనివ్వని అద్దె ఇంట్లో, వైర్లు లాగే వీలు లేనప్పుడు సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి ఒకే స్పీకరు పెట్టె) తప్పేమీ కాదు. అయితే సబ్‌వూఫర్ విడిగా ఉండేదీ, మధ్య చానల్‌కు ప్రత్యేకంగా స్పీకర్ ఉన్నదీ చూసి తీసుకోండి.

గుప్పెడంత స్పీకరుతో వచ్చే చిక్కు

దుకాణంలో అందంగా కనిపించే గుప్పెడంత శాటిలైట్ స్పీకర్లలో కోన్ (కదిలి ధ్వనిని పుట్టించే గరాటు) రెండున్నర, మూడు అంగుళాలు మించదు. ఆ పరిమాణం 120 నుంచి 150 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు; తగ్గేకొద్దీ ధ్వని మంద్రమవుతుంది) కిందికి సరిగా దిగలేదు. అక్కడి నుంచి కింది ధ్వనంతా సబ్‌వూఫర్‌కు వెళుతుంది. పురుషుల కంఠంలో మూల స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే హీరో గొంతులోని గాంభీర్యమంతా గది మూలన ఉన్న సబ్‌వూఫర్ నుంచి, మిగతా గొంతు తెర దగ్గర నుంచి వస్తుందన్నమాట. సుమారు 80 హెర్ట్జ్ కింద ధ్వని ఎక్కడి నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు, దానికి పైన పోల్చుకుంటుంది. మనిషి తెర మీద, గొంతు మూలన ఉన్నట్టు అనిపించడానికి కారణం ఇదే.

అందుకే చోటుంటే నాలుగు అంగుళాల వూఫర్ (మంద్ర ధ్వనులు పలికే కోన్) ఉన్న చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తీసుకోండి. చెప్పుల పెట్టె కన్నా కాస్త పెద్దవి, అంతే. వాటిని 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర సబ్‌వూఫర్‌తో కలపవచ్చు. బుల్లి శాటిలైట్లే తప్పవంటే సబ్‌వూఫర్‌ను టీవీ పక్కనే, ముందు గోడ దగ్గరే పెట్టాలని ఇప్పుడే నిర్ణయించుకోండి.

డబ్బా మీది అంకెలు

పీఎంపీఓ (క్షణకాలం వచ్చే గరిష్ఠ శక్తి అని చెప్పుకునే లెక్క) అని వేల వాట్లు రాసి ఉంటే ఆ డబ్బాను వెనక్కి నెట్టేయండి. ఆ అంకెకు అర్థం లేదు. ఆర్‌ఎంఎస్ (ఎడతెగకుండా ఇవ్వగల) వాట్లు, అవీ ఎన్ని ఓమ్‌ల (స్పీకరు కరెంటును అడ్డుకునే కొలత) దగ్గర కొలిచారో చూడాలి.

వాట్ల మోజు వదలడానికి ఒక చిన్న లెక్క చాలు. 87 డెసిబెల్ సెన్సిటివిటీ ఉన్న స్పీకరుకు ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్ వినిపిస్తుంది. 9 అడుగుల దగ్గర అది సుమారు 78కి తగ్గుతుంది. గోడల వల్ల హాల్లో నిజానికి ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. వాట్లు రెట్టింపైనప్పుడల్లా 3 డెసిబెల్ చేరుతుంది. 32 వాట్లకు చేరేసరికి 93. పక్క ఫ్లాటువాళ్లు తలుపు తట్టడానికి ఇది చాలు. కాబట్టి 50 వాట్ల నిజాయితీ గల రిసీవరుకూ 100 వాట్ల రిసీవరుకూ శబ్దంలో తేడా మూడు డెసిబెల్ మాత్రమే. అదే 84 బదులు 87 డెసిబెల్ సెన్సిటివిటీ ఉన్న స్పీకరు ఎంచుకున్నా మీకు ఆ లాభమే వస్తుంది.

ఫ్రీక్వెన్సీ (స్పీకరు పలికే స్వరాల) పరిధి పక్కన ‘ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్’ అని ఉంటేనే ఆ అంకెను నమ్మండి. ఓమ్‌ల విషయంలో 6 లేదా 8 ఉంటే చిక్కులేదు. 4 ఓమ్‌ల స్పీకరైతే రిసీవర్ దాన్ని భరిస్తుందో లేదో పుస్తకంలో చూసుకోవాలి. కోన్ చుట్టూ ఉండే అంచు రబ్బరుదైతే మంచిది. స్పాంజి లాంటి ఫోమ్ అంచు ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. పసిపిల్లలున్న ఇంటికి ముందు జాలీ గట్టిగా ఉండేవి చూడండి. ట్వీటర్ (సన్నని ధ్వనులు పలికే చిన్న భాగం) గుమ్మటం కనిపిస్తే చిన్న వేలు నొక్కకుండా ఉండదు.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీకు కంఠస్థమైన సినిమాలో నిదానంగా మాటలు నడిచే సన్నివేశం ఫోనులో తీసుకెళ్లండి. సబ్‌వూఫర్ ఆపించి ఆ సన్నివేశం వినండి. అమ్మేవారు కాస్త నొచ్చుకుంటారు, ఫరవాలేదు.

అమెరికా నుంచి తెచ్చే సామాను

మన ఇళ్లలో ఇది మామూలే: అమ్మాయో అబ్బాయో డాలస్ నుంచి వస్తూ రిసీవర్ పట్టుకొస్తామంటారు. అక్కడి రిసీవర్లు చాలావరకు 120 వోల్టులకే తయారవుతాయి. ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఆ క్షణమే కాలిపోవచ్చు. వెనుక అతికించిన చీటీలో వోల్టేజీ చదవండి. 120 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. దాని సామర్థ్యం రిసీవర్ తీసుకునే గరిష్ఠ వాట్ల కన్నా బాగా ఎక్కువ ఉండాలి. మామూలు స్పీకర్లకు కరెంటు ప్లగ్గు ఉండదు కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. సబ్‌వూఫర్‌లో ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది. కనుక దాని చీటీ కూడా చదవాల్సిందే. పైగా విదేశంలో కొన్నవాటికి ఇక్కడ వారంటీ దొరకడం కష్టం. నన్నడిగితే స్పీకర్లు తెప్పించుకోండి, రిసీవర్, సబ్‌వూఫర్ ఇక్కడే కొనండి.

వైర్లు

హాల్లో 30 అడుగుల లోపు దూరాలకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతుంది. ఎలక్ట్రికల్ షాపులో దొరికే రెండు కోర్ల ఫ్లెక్సిబుల్ వైరైనా చక్కగా పనిచేస్తుంది. బంగారు పూత పూసిన వేల రూపాయల కేబుళ్ల వల్ల వినికిడిలో మార్పేమీ ఉండదు. చూడాల్సింది ఒక్కటే, లోపల రాగి ఉందా, రాగి పూసిన అల్యూమినియమా అని. ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం.

చివర అర అంగుళం తొడుగు తీసి, పోగులను గట్టిగా మెలితిప్పి, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా టెర్మినల్‌లో దూర్చండి. పక్క టెర్మినల్‌ను ఒక్క వెంట్రుకలాంటి పోగు తాకినా రిసీవర్ ఆగిపోతుంది, పాతదైతే చెడిపోతుంది కూడా. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. ఒక స్పీకరుకు ఇది తారుమారైతే కుడి, ఎడమ కోన్లు ఎదురుబొదురుగా కదిలి బాస్ మాయమవుతుంది, మధ్యలో ఉండాల్సిన గొంతు ఎటో చెదిరిపోతుంది.

గోడల్లోంచి వైర్లు ముందే వేసి ఉండి ఏది ఏదో తెలియకపోతే ఒక పెన్సిల్ సెల్ తీసుకోండి. రిసీవర్ వైపు చివరలను విప్పేసి, ఒక వైరును సెల్ ప్లస్‌కు, రెండోదాన్ని మైనస్‌కు క్షణకాలం తాకించండి. ఇంకొకరు స్పీకరు జాలీ తీసి వూఫర్‌ను చూస్తుండాలి. టక్‌మని కోన్ ముందుకు వస్తే ప్లస్‌కు తాకించిన వైరు స్పీకరు ఎరుపు టెర్మినల్‌దే. లోపలికి పోతే తారుమారైంది. వైరును సెల్‌కు పట్టి ఉంచవద్దు, తాకించి తీసేయండి. సబ్‌వూఫర్ మీద మాత్రం ఈ పరీక్ష చేయకూడదు.

ముందు వరుస

సోఫాలో కూర్చుని చూస్తే కుడి, ఎడమ స్పీకర్లు ఒక్కొక్కటీ మధ్యగీత నుంచి 22 నుంచి 30 డిగ్రీల దూరంలో ఉండాలి. మన 9 అడుగుల హాల్లో ఆ రెండింటి మధ్య ఎడం 7 నుంచి 10 అడుగులన్నమాట. ఆరడుగుల టీవీ యూనిట్ చివర్లలో పెడితే కాస్త ఇరుకవుతుంది. యూనిట్ బయట స్టాండ్ల మీదో గోడ బ్రాకెట్ల మీదో పెట్టడం మేలు. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. స్పీకర్లను కొద్దిగా లోపలికి, సోఫా వైపు తిప్పండి. వెనుక రంధ్రం ఉన్న స్పీకరైతే గోడకూ దానికీ నడుమ అర అడుగైనా వదలాలి, లేకపోతే బాస్ బొంయ్‌మంటుంది.

సెంటర్ స్పీకరును చాలా ఇళ్లలో టీవీ కింది అరలో బాగా లోపలికి తోసేస్తారు. ఆ అర దానికి పెట్టెలా మారి గొంతును ముక్కుతో పలికిస్తుంది. స్పీకరు ముఖం అర అంచుకు సమానంగా, వీలైతే అంగుళం ముందుకు ఉండాలి. చెవి కన్నా కిందుంటుంది కాబట్టి ముందు కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టి ముఖాన్ని పైకి ఎత్తండి. ఇంకో చిక్కు చూసేవాళ్లు పక్కకు కూర్చున్నప్పుడు వస్తుంది. ట్వీటరుకు అటూ ఇటూ రెండు వూఫర్లున్న, అడ్డంగా పెట్టే స్పీకరు నేరుగా ఎదురుగా బాగుంటుంది కానీ సోఫా చివర కూర్చున్నవారికి మాటల్లో కొంత భాగం తగ్గిపోతుంది. ఆ చివర కూర్చునే అమ్మమ్మ మాటలు వినిపించడం లేదంటే వినికిడిదే లోపం అనుకోకండి, ముందు స్పీకరును అనుమానించండి.

సబ్‌వూఫర్‌కు చోటు వెతకడం

మొత్తం ఈ ఏర్పాటులో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ మార్పు తెచ్చే పని ఇదే. తక్కువ స్థాయి ధ్వనులు గది కొలతలను బట్టి కొన్నిచోట్ల పేరుకుంటాయి, కొన్నిచోట్ల కరిగిపోతాయి. 11 అడుగుల వెడల్పున్న మన హాల్లో సుమారు 51 హెర్ట్జ్ దగ్గర, 17 అడుగుల పొడవు వల్ల 33 హెర్ట్జ్ దగ్గర ఇలా జరుగుతుంది. గోడలను ఆనుకున్నచోట గుమ్మని, నడిమధ్యన బోలుగా వినిపిస్తుంది. సోఫా గోడకే ఆనుకుని ఉంది కాబట్టి 51 హెర్ట్జ్ మోత మీ తల వెనకే ఉంది. సోఫాను ఒక అడుగైనా ముందుకు లాగండి.

తర్వాత సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే చోటే, సోఫా మీదే పెట్టండి. బాస్ గిటార్ మెట్లు దిగుతూ ఎక్కుతూ నడిచే పాటను ఆపకుండా తిరగనివ్వండి. ఇప్పుడు తల నేలకు దగ్గరగా వంచి, ముందు గోడ పొడవునా, రెండు మూలల దగ్గరా, పక్క గోడ వెంటా మోకాళ్ల మీద పాకండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒకచోట ప్రతి స్వరం ఒకే బలంతో వినిపిస్తుంది. ఇంకోచోట ఒక స్వరం ఉబ్బి పక్క స్వరం మింగేసినట్టు ఉంటుంది. మొదటి రకం చోటు దొరకగానే అక్కడ చాక్‌పీసుతో గీత గీసి సబ్‌వూఫర్‌ను అక్కడికి మార్చండి. మూలలో పెడితే శబ్దం పెరుగుతుంది, సమతూకం మాత్రం చాలాసార్లు దెబ్బతింటుంది.

సబ్‌వూఫర్ వెనుక క్రాసోవర్ (ఏ హెర్ట్జ్ కింది ధ్వని సబ్‌వూఫర్‌కు వెళ్లాలో నిర్ణయించే) మీటను అతి పెద్ద అంకె దాకా తిప్పి వదిలేయండి. ఆ పని రిసీవర్ చేస్తుంది, రెండుచోట్లా చేస్తే మధ్యలో ధ్వని పోతుంది. శబ్దం మీట సగంలో ఉంచండి. ఫేజ్ స్విచ్‌ను (సబ్‌వూఫర్ కోన్ కదలికను మిగతా స్పీకర్లతో కలిపే మీట) సున్నా నుంచి 180కి మార్చి సోఫా నుంచి వినండి. గొంతులు, డప్పు నిండుగా వినిపించిన వైపే ఉంచండి. కింది ఫ్లాటువారి కోసం అడుగున మందపాటి రబ్బరు దిమ్మలు వేయండి. స్లాబులోకి దిగే అదురు కొంత తగ్గుతుంది.

వెనుక రెండు

పుస్తకాల ప్రకారం సరౌండ్ స్పీకర్లు మీ పక్కల నుంచి కాస్త వెనక్కి, ముందు మధ్యగీతకు 110 డిగ్రీల దగ్గర ఉండాలి. సోఫా వెనుక అడుగు మాత్రమే ఉన్న హాల్లో అది కుదరదు. వెనుక గోడ మీద సోఫా రెండు చివరలకూ అవతల రెండేసి అడుగుల దూరంలో, చెవికి రెండడుగుల ఎత్తున బిగించి, ముఖాలను మీ తల వైపు కాక ఒకదానికొకటి ఎదురుగా తిప్పండి. ధ్వని గదిలో పరచుకుంటుంది, చెవిలో గుచ్చుకోదు. భోజనాల బల్ల వైపు గోడ లేకపోయినా ఈ అమరికకు ఇబ్బంది లేదు.

గోడకు రంధ్రం చేసేముందు ఒక్క జాగ్రత్త. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా, అదే ఎత్తులో అడ్డంగా పక్కనా డ్రిల్ పెట్టవద్దు. గోడలోపలి కరెంటు పైపులు ఎక్కువగా ఆ దారుల్లోనే ఉంటాయి. వైర్లను గోడ అంచున ప్లాస్టిక్ కేసింగ్ పట్టీలో దాచి, సున్నం రంగే పట్టీకీ వేస్తే కంటికి ఆనవు.

టీవీతో కలపడం

టీవీలో ఏఆర్‌సీ లేదా ఈ-ఏఆర్‌సీ (టీవీ ధ్వనిని రిసీవర్‌కు వెనక్కి పంపే దారి) అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రం నుంచి రిసీవర్‌లోని అదే పేరున్న రంధ్రానికి కేబుల్ వేయండి. మిగతా హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఈ పని చేయవు. తర్వాత టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియోను పీసీఎం నుంచి పాస్‌త్రూకో బిట్‌స్ట్రీమ్‌కో మార్చండి. అయిదు స్పీకర్లున్నా రెండే పలుకుతున్నాయన్న ఫిర్యాదుకు సాధారణంగా కారణం ఈ సెట్టింగే. కేబుల్ చానళ్లలో చాలావాటికి ధ్వని రెండు చానళ్లలోనే వస్తుంది కాబట్టి పరీక్షకు 5.1 ఉన్న ఓటీటీ సినిమా పెట్టుకోండి.

మైకుతో సర్దుబాటు

స్పీకర్ల ధ్వనిని కొలిచి రిసీవర్ తనంతట తాను సర్దుకోవడానికి దానితో వచ్చే చిన్న మైకును సోఫా వీపు మీద పెట్టవద్దు. ట్రైపాడ్ మీద చెవి ఎత్తులో నిలబెట్టండి. ఫ్యాను, ఏసీ ఆపండి, కుక్కర్ దించాకే మొదలుపెట్టండి. ఈల వస్తే కొలత మళ్లీ మొదటికి వస్తుంది. పని అయ్యాక మెనూలోకి వెళ్లి మూడు చూడాలి. స్పీకర్లన్నీ ‘స్మాల్’ అని ఉండాలి, అప్పుడే వాటి బాస్ సబ్‌వూఫర్‌కు వెళుతుంది. క్రాసోవర్ బుక్‌షెల్ఫ్‌లకు 80 నుంచి 100, శాటిలైట్లకు 120 నుంచి 150 ఉండాలి. దూరాలు మీ టేపు కొలతలకు దగ్గరగా ఉండాలి. సబ్‌వూఫర్ దూరం మాత్రం అసలు కన్నా ఎక్కువ చూపించవచ్చు. దాని లోపలి సర్క్యూటు చేసే ఆలస్యాన్ని రిసీవర్ అలా లెక్కగడుతుంది కాబట్టి దిద్దకండి.

ఇప్పుడు ఫ్యాను వేసి మాటల సన్నివేశం పెట్టండి. రోజూ వినేది ఫ్యాను కిందే కదా. మాట ఇంకా వెనుకబడితే సెంటర్ స్థాయిని ఒకటి రెండు డెసిబెల్ పెంచండి. రాత్రి పది దాటాక ‘నైట్ మోడ్’ వేస్తే గుసగుసలు పైకి, పేలుళ్లు కిందికి వస్తాయి. ఆ వేళలో సబ్‌వూఫర్‌ను కూడా అయిదారు డెసిబెల్ దించండి.

చిన్నాచితకా

ఎడతెగని గుయ్‌మనే శబ్దం వస్తే టీవీకి వచ్చే కేబుల్ వైరు పీకి చూడండి. ఆగిపోతే దోషం అందులోంచి వచ్చే ఎర్తింగ్‌దే. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే వస్తే కారణం ఇన్వర్టరే. రిసీవర్ మీద లేసు గుడ్డ కప్పకండి, పైన నాలుగైదు అంగుళాల ఖాళీ వదలండి. తలుపులున్న అరలో పెట్టి మూస్తే వేసవిలో ఉడికిపోయి దానంతటదే ఆగిపోతుంది.

పైకప్పుకు ధ్వనిని కొట్టి కిందికి దించే అట్మాస్ స్పీకర్ల సంగతి చివరికి వదిలేయండి. వాటికి చదునైన, గట్టి పైకప్పు కావాలి. అంచుల్లో మెట్లున్న ఫాల్స్ సీలింగ్, మధ్యన తిరిగే ఫ్యాను ఉన్న హాల్లో వాటి ఫలితం అంతంతే. ఆ డబ్బుతో సెంటర్ స్పీకరును ఒక మెట్టు పెంచుకోండి, లేదా రెండో సబ్‌వూఫర్ కొని ఎదురు గోడ దగ్గర పెట్టుకోండి.